లీగ్ ఆగిన రోజుల్లో వాదించే పద్ధతి: ఫుట్‌బాల్ అభిమానులకు

2025 జూలై 11న ఇండియన్ సూపర్ లీగ్‌ను అప్పట్లో నడుపుతున్న ఎఫ్.ఎస్.డి.ఎల్. (ఫుట్‌బాల్ స్పోర్ట్స్ డెవలప్‌మెంట్ లిమిటెడ్) సంస్థ ఆ ఏటి సీజన్‌ను నిలిపి ఉంచుతున్నట్లు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ క్లబ్బులకూ తెలియజేసింది. ఆ వారంలోనే ఒక సాయంత్రం గచ్చిబౌలిలో టీ తాగుతూ నలుగురం కూర్చున్నాం. ఒకరు ఈస్ట్ బెంగాల్ అభిమాని, ఒకరు మోహన్ బగాన్, ఒకరు కోళికోడ్ నుంచి వచ్చిన కేరళ బ్లాస్టర్స్ అభిమాని, నేను హైదరాబాద్ ఎఫ్.సి. మనిషిని. "మీ ఊళ్లో స్టేడియమే నిండదు, మీకు జట్టెందుకండీ" అని కోళికోడ్ మిత్రుడు అన్నాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో వాళ్ల జట్టుతోనే జరిగిన ఫైనల్లో మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పు మాకు తెచ్చిన సంగతి నేను గుర్తు చేశాను. ఆ మాట మీద మాట పెరిగి రెండు గంటలు గడిచాయి. ఇంటికి చేరాక తట్టింది: లీగ్ ఎందుకు ఆగింది, ఎవరి సంతకం లేక ఆగింది అన్న మాట ఆ రెండు గంటల్లో ఒక్కసారి కూడా రాలేదు. పిట్టపోరు పిల్లి తీర్చినట్లు, అభిమానులు ఒకరితో ఒకరు తలపడుతున్నంతసేపు నిర్ణయాలు మరొకచోట జరిగిపోతూనే ఉంటాయి. ఆ తర్వాతి నెలల్లో నేను నాకోసం ఏర్పరచుకున్న పద్ధతి ఇది. సీజన్ ఆగిన ఏ లీగ్‌కైనా పనికివస్తుందని నమ్మి రాస్తున్నాను.

మొదట చేయవలసింది, నోటికి వచ్చిన వాక్యాన్ని కాగితం మీద పెట్టి, అందులోంచి క్లబ్బు పేరు కొట్టేయడం. "ఫలానా క్లబ్బు ఒత్తిడి వల్లే లీగ్ ఆగింది" అన్న వాక్యంలో ఆ పేరు తీసేస్తే ఏమి మిగులుతుందో చూడాలి. "ఒక క్లబ్బుకు లీగ్‌ను ఆపగల అధికారం ఉందా, ఉంటే ఏ నిబంధన కింద?" అన్న ప్రశ్న మిగిలితే అది పాలనకు సంబంధించిన విషయం, దానికి జవాబు వెతకవచ్చు. పేరు తీసేశాక ఏమీ మిగలకపోతే అది వైరం. వైరం తప్పేమీ కాదు, ఆటకు ప్రాణం అదే. కాకపోతే దానికి ఆధారాలు అడగకూడదు, దాన్నే ఆధారంగా చూపకూడదు. ఈ రెండింటినీ ఒకే ఊపిరిలో మాట్లాడితే రెండూ చెడతాయి.

తర్వాతి పని, ఏ నిర్ణయం ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడం. చాలామంది అభిమానులు ఇక్కడే జారిపోతారు కాబట్టి దీనిమీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను. మన లీగ్ విషయమే తీసుకోండి. దేశంలో ఫుట్‌బాల్‌కు అధికారిక సంస్థ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య. సమాఖ్య 2010లో తన వాణిజ్య హక్కులను 15 ఏళ్లకు ఒక ప్రైవేటు భాగస్వామికి అప్పగించింది. ఆ హక్కుల మీదనే ఎఫ్.ఎస్.డి.ఎల్. సూపర్ లీగ్‌ను నడిపింది, ఏటా సమాఖ్యకు 50 కోట్ల రూపాయలు చెల్లించింది. ఆ ఒప్పందం 2025 డిసెంబరు 8తో ముగియవలసి ఉంది. అంటే సీజన్ నడుమనే లీగ్‌కు చట్టపరమైన ఆధారం తీరిపోయేది. అలాంటి స్థితిలో ప్రసారదారుతోనో ప్రాయోజకులతోనో ఎవరూ ధైర్యంగా లెక్క కుదుర్చుకోలేరు. మరి ముందే కొత్త ఒప్పందం ఎందుకు చేసుకోలేదని అడిగితే, సమాఖ్య నిబంధనావళి మీద వ్యాజ్యం సుప్రీంకోర్టులో ఉండటం వల్ల, తీర్పు వచ్చేదాకా అలాంటి పెద్ద ఒప్పందాలకు వీలు లేకపోయింది. ఈ నాలుగు కొసలూ పట్టుకుంటే చాలు, "ఫలానా క్లబ్బు చేసింది" అన్న మాట దానంతట అదే వెనక్కి పోతుంది.

ఈ కథలో తెలుగువారి పాత్ర కూడా ఉంది. మన పత్రికల్లో దాని ప్రస్తావన తక్కువగానే కనిపించింది కాబట్టి చెబుతున్నాను. నిబంధనావళి ముసాయిదాను ఖరారు చేసే బాధ్యత సుప్రీంకోర్టు అప్పగించింది విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుకు. 2025 సెప్టెంబరు 19న దాన్ని కొన్ని మార్పులతో ఆమోదిస్తూ తీర్పు ఇచ్చింది జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీల ధర్మాసనం. దేశపు అగ్రశ్రేణి లీగ్ సమాఖ్యకు చెందినదై ఉండాలనీ, కింది లీగ్ జట్లు అందులోకి ఎక్కడం, అందులో అడుగున ఉన్నవి దిగడం రెండూ ఉండాలనీ ఆ నిబంధనావళి చెబుతుంది. పట్టికలో అడుగున నిలిచిన జట్టు కిందికి పోవాలా వద్దా అని ఏళ్ల తరబడి ఒకరి జట్టును ఒకరు వెక్కిరించుకున్న అభిమానులు ఈ పత్రాన్ని ఒక్కసారైనా తిరగేయాలి.

మూడో పని, డబ్బు ఏ ముడికి కట్టి ఉందో వెతకడం. తీర్పు తర్వాత సమాఖ్య 15 ఏళ్ల హక్కులకు టెండరు పిలిచింది. ఏటా కనీసం 37.5 కోట్ల రూపాయలు, లేదా స్థూల ఆదాయంలో 5 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది సమాఖ్యకు కట్టాలన్నది షరతు. 2025 నవంబరు 7న గడువు ముగిసేసరికి ఒక్క బిడ్డు కూడా రాలేదు. దీన్ని చూసి "మన ఆటకు విలువ లేదు" అని చతికిలబడటం తొందరపాటు అవుతుంది. అధికారం సమాఖ్య దగ్గర ఉండి, నష్టం మాత్రం కొనుగోలుదారు భరించవలసి వస్తే ఏ వ్యాపారి ముందుకు వస్తాడో ఆలోచించాలి. అదే సమయంలో, అధికారమంతా వ్యాపారికి ఇచ్చేస్తే లీగ్ ఎవరికి జవాబుదారీ అవుతుందో కూడా ఆలోచించాలి. నా మట్టుకు నేను సమాఖ్యకు యాజమాన్యం ఉండాలన్న పక్షాన ఉన్నాను, కానీ క్లబ్బులకు అందులో ఓటు లేకపోతే ఆ యాజమాన్యం కాగితం మీదే ఉంటుంది.

ఇక ఓట్ల సంగతి. లీగ్ నడిమధ్యలో ఆగినప్పుడు వైరం, పాలన ఎంత గట్టిగా పెనవేసుకుంటాయో నేర్చుకోవడానికి 2020 నాటి స్కాట్లాండ్ కంటే మంచి పాఠం నాకు కనిపించలేదు. కోవిడ్ వల్ల అక్కడ మార్చి 13న ఆట ఆగింది. రెండు రోజుల్లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానంలో ఆ ఊరి చిరకాల ప్రత్యర్థులు రేంజర్స్, సెల్టిక్ తలపడవలసి ఉంది. అప్పటికి సెల్టిక్ 30 ఆటల్లో 80 పాయింట్లతో, రేంజర్స్ 29 ఆటల్లో 67 పాయింట్లతో ఉన్నాయి. ఏప్రిల్‌లో లీగ్ పాలకమండలి, కింది మూడు శ్రేణుల సీజన్‌ను అక్కడికక్కడే ముగించి, ఆడిన ఆటలకు వచ్చిన సగటు పాయింట్లను బట్టి స్థానాలు ఖరారు చేయాలని క్లబ్బులకు తీర్మానం పంపింది. స్థానాన్ని బట్టి వచ్చే సొమ్ము సీజన్ ముగిస్తేనే విడుదలవుతుందన్నది దాని వాదన. పై శ్రేణిలో 12 క్లబ్బులకు 9, రెండో శ్రేణిలో 10కి 8, కింది రెండు శ్రేణులూ కలిపి 20కి 15 ఒప్పుకోవాలి. ఏప్రిల్ 10 సాయంత్రానికి రెండో శ్రేణిలో 7 అవును, 2 కాదు. మిగిలిన ఒక్క ఓటు డండీ క్లబ్బుది. ఆ క్లబ్బు పంపిన తిరస్కార పత్రం ఈమెయిల్ వడపోతలో చిక్కుకుని సమయానికి చేరలేదని తర్వాత బయటపడింది. ఐదు రోజులకు అదే క్లబ్బు ఒప్పుకుంటూ ఓటు వేసింది, తీర్మానం నెగ్గింది. మే 18న పై శ్రేణిని కూడా ముగించి సెల్టిక్‌ను విజేతగా ప్రకటించారు.

దీని మీద గ్లాస్గోలో రెండు పక్షాలు ఎలా చీలాయో ఊహించుకోవచ్చు. కానీ వాదనలోంచి ఆ రెండు పేర్లూ కొట్టేసి చూస్తే మూడు విడి ప్రశ్నలు కనబడతాయి. ఒకసారి పంపిన ఓటును మార్చుకోవచ్చా? డబ్బు విడుదలను సీజన్ ముగింపుతో ముడిపెట్టడం తప్పదా, అప్పు రూపంలో ఇవ్వడానికి వీలు లేదా? తీర్మానం పెట్టిన తీరు మీద విచారణ కావాలా? మూడో ప్రశ్న మీద రేంజర్స్ పట్టుబట్టగా మే 12న ప్రత్యేక సమావేశం జరిగింది. విచారణకు 13 క్లబ్బులు అనుకూలంగా, 27 వ్యతిరేకంగా ఓటు వేశాయి, 2 తటస్థంగా ఉండిపోయాయి. సెల్టిక్ విజేత కావడం న్యాయమే అనుకునే మనిషి ఓటింగ్ పద్ధతి సరిగా లేదని కూడా అనవచ్చు. ఈ రెండు అభిప్రాయాలూ ఒకే మనసులో ఇమడగలవు, ఇమడాలి.

లెక్కలు మాత్రం ఎవరో చెప్పినవి నమ్మకుండా చేత్తో వేసుకోవాలి. అదే స్కాట్లాండ్ రెండో శ్రేణిలో పార్టిక్ థిసిల్ 27 ఆటల్లో 26 పాయింట్లతో అడుగున ఉంది. దానిపైన క్వీన్ ఆఫ్ ద సౌత్ 28 ఆటల్లో 28 పాయింట్లతో ఉంది. 26ను 27తో భాగిస్తే 0.96, 28ని 28తో భాగిస్తే 1. ఆ 0.04 తేడాతో పార్టిక్ కింది శ్రేణికి పోయింది. తాను తక్కువగా ఆడిన ఆ ఒక్క ఆట ఆడి గెలిచి ఉంటే 28 ఆటల్లో 29 పాయింట్లతో పైకి వచ్చి ఉండేది. పై శ్రేణిలో హార్ట్స్ 30 ఆటల్లో 23 పాయింట్లతో, దానిపైన హామిల్టన్ 30 ఆటల్లో 27తో ఉన్నాయి. ఇంకా 8 ఆటలు, అంటే 24 పాయింట్లు మిగిలే ఉన్నా హార్ట్స్ కూడా దిగిపోయింది. ఈ రెండు క్లబ్బులూ కోర్టుకు వెళ్లగా, కోర్టు వాటిని మధ్యవర్తిత్వానికి పంపింది, జూలై చివర తీర్పు లీగ్ పక్షానే వచ్చింది. ఈ అంకెలను కాగితం మీద వేసుకుని క్లబ్బుల పేర్లు తారుమారు చేయండి. పార్టిక్ ఉన్నచోట మీ జట్టును, క్వీన్ ఆఫ్ ద సౌత్ ఉన్నచోట మీ చిరకాల ప్రత్యర్థిని పెట్టండి, ఆపైన తిప్పి పెట్టండి. రెండుసార్లూ మీ నోట ఒకే జవాబు వస్తే అది మీ అభిప్రాయం. వేరువేరుగా వస్తే ఇంకా ఆలోచించవలసింది ఉంది. నేను మొదటిసారి వేసినప్పుడు నా జవాబు మారిపోయింది, అందుకే ఈ పరీక్షను ఇంతగా చెబుతున్నాను.

మాట తీరు గురించి ఎక్కువ చెప్పను. ఆట మీద, స్కోరు మీద, పాత ఓటముల మీద ఎంత పంతమైనా పట్టవచ్చు. ఎదుటివాళ్ల ఊరి మీదికీ భాష మీదికీ పోకూడదు, స్టేడియంలో పోయిన ప్రాణాల ఊసు వేళాకోళానికి తేకూడదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆట జరుగుతుండగా తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఆ రోజును రెండు క్లబ్బుల వాళ్లూ నేటికీ కలిసి స్మరించుకుంటారు. అదే అభిమానులు 2024 ఆగస్టు 18న, డ్యూరాండ్ కప్పులో తమ డెర్బీ (ఒకే ఊరి జట్ల పోరు) రద్దయిన సాయంత్రం, ఆర్.జి. కర్ ఆసుపత్రిలో హత్యకు గురైన వైద్యురాలికి న్యాయం కోరుతూ సాల్ట్ లేక్ స్టేడియం బయట ఒక్కటిగా నిలబడ్డారు. ఆకుపచ్చ, మెరూన్ జెండాల మధ్య ఎరుపు, పసుపు జెండాలు కలగలిసిపోయిన ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. మర్నాటి నుంచి వాళ్ల వైరం వాళ్లదే. ఈస్ట్ బెంగాల్ వాళ్ల ఇలిష్ చేప గొప్పదా, మోహన్ బగాన్ వాళ్ల రొయ్య గొప్పదా అన్న తగువు కూడా ఎప్పటిలాగే సాగింది.

చివరి పని, వాదనలోంచి తేలిన ప్రశ్నను అడగవలసినవాళ్లకు రాతపూర్వకంగా పంపడం. ఒక ఉత్తరంలో ఒకే విషయం ఉండాలి, తేదీ ఉండాలి, ఏ నిర్ణయం గురించి అడుగుతున్నారో స్పష్టంగా ఉండాలి, కోపం ఉండకూడదు. వీలైతే ప్రత్యర్థి జట్టు అభిమాని సంతకం కూడా తీసుకోవాలి. రెండు రంగుల సంతకాలున్న ఉత్తరాన్ని ఒక జట్టు గొడవగా పక్కన పెట్టేయడం కష్టం.

మా విషయంలో అడగవలసింది చాలానే ఉంది. రహీమ్ సాబ్ తీర్చిదిద్దిన ఊరు ఇది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టుకు ఆయనే శిక్షకుడు. లీగ్ ఆగి ఉన్న ఆ నెలల్లోనే, 2025 అక్టోబరులో, హైదరాబాద్ ఎఫ్.సి. ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. 2026 ఫిబ్రవరి 14న లీగ్ మళ్లీ మొదలైంది, 14 జట్లు ఒకదానితో ఒకటి ఒక్కొక్కసారి మాత్రమే తలపడేలా 91 ఆటలతో. అందులో హైదరాబాద్ పేరు లేదు. ఆ వారం మేం నలుగురం మళ్లీ కూర్చుని ఒక కాగితం రాశాం. క్లబ్బు ఊరు మారడానికి ఎవరి అనుమతి కావాలి, ఏ నిబంధన కింద, ఆ అనుమతికి ముందు ఇక్కడి అభిమానులను ఎవరైనా అడగాలా, ఖాళీ అయిన ఊరికి కింది శ్రేణి నుంచి పైకి వచ్చే దారి ఏమిటి అని నాలుగు ప్రశ్నలు. మొదటి సంతకం కోళికోడ్ మిత్రుడు చేశాడు.