చేపల తొట్టిలో అట్లాంటిక్

మంచుయుగం ముగిసి భూమి వెచ్చబడుతున్న వేళ, సుమారు 12,900 ఏళ్ల కిందట ఉత్తర అట్లాంటిక్ చుట్టూ చలి మళ్లీ విరుచుకుపడింది. యంగర్ డ్రయాస్ అనే ఆ చలికాలం దాదాపు 1,200 ఏళ్లు సాగింది. ఎక్కువమంది ఒప్పుకునే కారణం ఇది: ఉత్తర అమెరికా మంచుపలక కరిగిన మంచినీళ్లు సముద్రం మీద పరుచుకుని, చల్లబడి కిందికి దిగాల్సిన ఉప్పునీటిని దిగనివ్వలేదు. అది దిగితేనే దక్షిణం నుంచి వెచ్చటి నీళ్లు పైకి వస్తాయి, ఆ రాక మందగించి చలి పెరిగింది. ఆ నీళ్లు ఏ దారిన వచ్చాయన్నది ఇంకా చర్చే. అసలు సంగతి మాత్రం బళ్లో పిల్లలకు చేపల తొట్టిలో చూపించవచ్చు.

40 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పున్న తొట్టిలో 10 లీటర్ల నీళ్లు పన్నెండున్నర సెంటీమీటర్ల ఎత్తుకు వస్తాయి. సముద్రంలాగే లీటరుకు 35 గ్రాముల చొప్పున 350 గ్రాముల కల్లుప్పు కరిగించి, పలుచటి గుడ్డలో వడగట్టండి. బోరు నీళ్లలో లవణాలు ఎన్నున్నాయో తెలియదు కాబట్టి క్యాన్ నీళ్లు మేలు. తిరుపతి ఎండకు మిద్దె మీది ట్యాంకు నీళ్లు కాగిపోతాయి, అవీ వద్దు. ఉప్పునీళ్లు, పక్కన 2 లీటర్ల మంచినీళ్లు రాత్రంతా గదిలోనే ఉంచండి. పొద్దున ఫ్యాను ఆపేయండి, గాలి తగిలితే పైనీళ్లు కలిసిపోతాయి.

స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు, పిడికెడు ఉప్పు వేసి, తొట్టికి ఒక చివర 3 సెంటీమీటర్లు మునిగేలా స్కేలుకు కట్టి వేలాడదీయండి. ఐసును నేరుగా తొట్టిలో వేయొద్దు. కరిగిన నీళ్లు పైనే తేలి ప్రయోగం మొదట్లోనే చెడుతుంది. గ్లాసు పక్కన సూది లేని సిరంజితో ఒక్క చుక్క రంగు వదలండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: రంగును మంచినీళ్లలో కలిపితే అది పైన తేలుతుంది. తొట్టిలోని ఉప్పునీళ్లలోనే కలపాలి. అప్పుడు రంగు సన్నటి దారంలా కిందికి జారి, అడుగు వెంట అవతలి చివరకు పాకుతుంది.

ఇక థర్మోకోల్ ముక్కను తేల్చి, దాని మీదుగా మంచినీళ్లు నెమ్మదిగా పోయండి. రెండున్నర సెంటీమీటర్ల మూత ఏర్పడుతుంది. గ్లాసు ఇప్పుడు 1 సెంటీమీటరు మాత్రమే మునగాలి. లోతుగా దిగితే కింది ఉప్పునీళ్లను చల్లబరిచి మళ్లీ దించేస్తుంది. ఈసారి రంగు మంచినీళ్లలో కలిపింది వాడండి. చుక్క మూత అడుగు దాకా దిగి, అక్కడ పక్కలకు విచ్చుకుంటుంది.

పూర్తి మంచినీళ్లతోనే ఆపకండి. తొట్టి మళ్లీ నింపి, మూతకు లీటరుకు 33 గ్రాముల ఉప్పున్న నీళ్లు పోస్తే, ఐదారు డిగ్రీలు చల్లబడగానే అవి కింది ఉప్పునీళ్లలోకి దిగుతాయి. 20 గ్రాములైతే ఐసు ఎంత వేసినా దిగవు. 30 డిగ్రీల దగ్గర చలికి నీటి బరువు బాగానే పెరుగుతుంది. సున్నా దగ్గర ఒక్కో డిగ్రీకి వచ్చే తేడా చాలా తక్కువ. అందుకే గ్రీన్‌లాండ్ చుట్టూ నీళ్లు మునగాలా తేలాలా అన్నది ఉప్పే తేలుస్తుంది.