5జీ టవర్ వచ్చాక పెద్ద డిష్‌లో బొమ్మ పగిలిపోతుంటే

బెజవాడలో గానీ గుంటూరు బ్రాడీపేటలో గానీ మేడ మీద పెద్ద సీ-బ్యాండ్ డిష్ ఉన్న కేబుల్ ఆపరేటర్లూ, పక్కన 5జీ టవర్ లేచాక బొమ్మ గళ్లుగళ్లుగా పగిలిపోతుంటే ముందే డిష్ తిప్పేయకండి. మన దగ్గర 2022లో వేలం వేసిన 5జీ బ్యాండ్ 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్, ఈ పెద్ద డిష్‌లకి శాటిలైట్ చానెళ్లు ఎక్కువగా దిగేది సీ-బ్యాండ్‌లో 3700 నుంచి 4200, మధ్యలో గ్యాప్ 30 మాత్రమే. చాలా ఎల్‌ఎన్‌బీలు (డిష్ ముందు ఉండి సిగ్నల్‌ని పట్టి పెంచే డబ్బాలు) 3400 నుంచే పట్టేస్తాయి, దాంతో 36 వేల కిలోమీటర్ల నుంచి వచ్చే సన్నటి సిగ్నల్ పక్కవీధి టవర్ హోరులో మునిగిపోతుంది.

అందుకని 3700-4200 బ్యాండ్‌పాస్ ఫిల్టర్ (ఆ బ్యాండ్‌ని మాత్రమే లోపలికి వదిలేది) కొని ఫీడ్‌హార్న్‌కీ (డిష్ నుంచి సిగ్నల్‌ని పోగుచేసే గొట్టం) ఎల్‌ఎన్‌బీకీ మధ్యలో బిగించండి, ఎల్‌ఎన్‌బీ తర్వాత కేబుల్లో పెడితే దండగే, ఎందుకంటే ఎల్‌ఎన్‌బీ అప్పటికే ఓవర్‌లోడ్ అయిపోయుంటుంది. రబ్బరు రింగు మర్చిపోవద్దు ప్లీజ్, మన వానలకి లోపలికి నీళ్లు దిగితే ఫిల్టర్ పోయినట్టే. బిగించాక మీటర్ పెట్టి సిగ్నల్ మళ్లీ చూసుకోండి.

అప్పటికీ తగ్గకపోతే డిష్‌ని మెట్లగది గోడ చాటుకి జరపండి, టవర్ కనపడకూడదు, శాటిలైట్ వైపు ఆకాశం మాత్రం తెరిచుండాలి. ఇంట్లో చిన్న డీటీహెచ్ గొడుగు ఉన్నోళ్లు దీనికి డబ్బులు పెట్టకండి, అది కేయూ బ్యాండ్, 10 గిగాహెర్ట్జ్ పైన, దానికి ఈ బాధ లేదు.