జత కొలతల మధ్య తేడాను పరీక్షించడం ఎలా?

ఒకే మనిషిని రెండుసార్లు కొలిచినప్పుడు వచ్చేవి జత కొలతలు. వాటిని సంబంధం లేని రెండు గుంపుల అంకెలుగా లెక్క కట్టి, ‘తేడా ఏమీ లేదు’ అని తేల్చేసిన నివేదికలు లెక్కలేనన్ని చూశాను. దయచేసి అలా చేయకండి.

కాగితం, కాలిక్యులేటర్, టీ-పట్టిక (టీ విలువ దాటాల్సిన హద్దులుండే పట్టిక) ఉంటే చాలు. ముందుగా శూన్య పరికల్పన రాసుకోండి: తేడాల సగటు సున్నా. ప్రత్యామ్నాయం: సున్నా కాదు. సార్థకత స్థాయి, అంటే నిజంగా తేడా లేకున్నా ఉందని పొరబడే అవకాశానికి మనం పెట్టుకునే హద్దు, 5 శాతం. అంకెలు చూశాక ఒకవైపు పరీక్షకు (పెరుగుదలనో తగ్గుదలనో ఒక్కదాన్నే చూసేదానికి) మారకూడదు. ప్రత్యామ్నాయం ‘సున్నా కాదు’ అయినప్పుడు రెండువైపుల పరీక్షే చేయాలి.

ఇక తేడాలు తీయడం. పని చెడేది ఇక్కడే. ప్రతి జతలోనూ రెండో కొలత నుంచి మొదటిదాన్ని తీసివేయండి. మధ్యలో ఈ వరస తిరగబడకూడదు. రుణ గుర్తు వస్తే దాన్ని అలాగే ఉంచండి. ఒక కొలత దొరకకపోతే ఆ జతనే వదిలేయాలి, ఖాళీలో సగటును నింపకూడదు.

అన్నిటికన్నా ప్రమాదం, రెండు నిలువు వరుసల్లో ఒకదాన్ని మాత్రమే చిన్నా పెద్దా క్రమంలో పేర్చడం. జతలన్నీ చెదిరిపోయినా తేడాల సగటు మాత్రం మారదు! అందుకే ఈ తప్పు ఎవరి కంటా పడదు. మారేది ప్రామాణిక విచలనం (తేడాలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత), దానితో పాటు మీ తీర్పు. కంప్యూటర్ ఉన్నా సరే, తేడాలను చేత్తో రాసి, నాలుగైదు జతలను అసలు కాగితాలతో సరిచూడాలి.

‘స్టూడెంట్’ అనే కలం పేరుతో విలియం గాసెట్ 1908లో ప్రచురించిన వ్యాసంలోని ఉదాహరణ చూడండి. 10 మంది రోగులు, రెండు నిద్రమందులు. ఒక్కొక్కరికి రెండో మందుతో మొదటిదానికన్నా ఎన్ని గంటల నిద్ర ఎక్కువ వచ్చిందంటే: 1.2, 2.4, 1.3, 1.3, 0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4. సగటు 1.58, ప్రామాణిక విచలనం 1.23. విచలనాన్ని 10 వర్గమూలంతో భాగిస్తే 0.389. సగటును దానితో భాగిస్తే టీ విలువ 4.06. పట్టికలో జతల సంఖ్యకు ఒకటి తక్కువ, అంటే 9 ఉన్న వరుస చూడాలి. అక్కడ రెండువైపుల 5 శాతం కింద ఉన్నది 2.262. మన విలువ దాన్ని దాటింది కాబట్టి శూన్య పరికల్పనను తిరస్కరించాలి.

ఈ రోగుల రెండు మందుల అసలు కొలతలను విడి గుంపులుగా తీసుకుంటే టీ విలువ 1.86కు పడిపోతుంది. అప్పుడు దాటాల్సింది 2.101, దాటదు. మనిషికీ మనిషికీ నిద్రలో ఉండే వ్యత్యాసం మందుల మధ్య తేడాను కప్పేస్తుంది. జత కట్టేది ఆ వ్యత్యాసాన్ని తొలగించడానికే.

టీ-పరీక్షకు తేడాలు సామాన్య విభాజనానికి (మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలా సమానంగా తగ్గే గంట ఆకారానికి) దగ్గరగా ఉండాలి. చూడాల్సింది తేడాలనే, అసలు కొలతలను కాదు. చుక్కలు పెట్టి చూస్తే 4.6 ఒంటరిగా దూరాన నిలబడుతుంది. జతలు కొద్దిగా ఉన్నప్పుడు ఇలాంటిది కనిపిస్తే విల్‌కాక్సన్ గుర్తు-ర్యాంకు పరీక్ష (తేడాల గుర్తులను, వాటి పరిమాణాల వరస స్థానాలను మాత్రమే వాడేది) కూడా చేయండి. ఇక్కడ సున్నాను వదిలేస్తే మిగిలిన తొమ్మిదీ ధనాత్మకమే. శూన్య పరికల్పన నిజమైతే తొమ్మిదీ ఒకే గుర్తుతో వచ్చే అవకాశం 512లో 2 మాత్రమే. రెండు పరీక్షలూ ఒకే మాట చెబుతున్నాయి.

ఫలితంలో పీ-విలువ (శూన్య పరికల్పన నిజమైతే ఇంత లేదా ఇంతకన్నా పెద్ద తేడా వచ్చే అవకాశం) ఒక్కటే రాసి ఊరుకోవద్దు. సగటు తేడా 1.58 గంటలు, 95 శాతం విశ్వాస అంతరం (అసలు సగటు తేడా ఉండొచ్చని అంచనా వేసే హద్దులు) 0.70 నుంచి 2.46 గంటలు అని రాయండి.