కర్నాక్ నీటి గడియారాన్ని ఇంట్లో తయారు చేసుకునే విధానం

పర్లాకిమిడిలో మా ఇంటి పిల్లలు బడిలో ఒడియాలో చదువుకొని, సందేహాలు మాత్రం ఇంటికొచ్చి తెలుగులో అడుగుతారు. రోజుకు 24 గంటలే ఎందుకని వారడిగినప్పుడు, నోటితో చెప్పడం కన్నా ప్రాచీన ఈజిప్టువారి నీటి గడియారాన్ని చేసి చూపించడమే మేలనిపించింది. పగటికి 12, రాత్రికి 12 భాగాలన్న లెక్క వారిదే.

మనకు దొరికిన వాటిలో పాతదైన నీటి గడియారం ఈజిప్టు రాజు మూడవ అమెన్‌హోతెప్ కాలానిది, అంటే క్రీ.పూ. 14వ శతాబ్దానిది. 1904లో ఈజిప్టులోని కర్నాక్ ఆలయ ప్రాంగణంలో ముక్కలుగా బయటపడిన ఆ పాలరాతి పాత్ర ఎత్తు సుమారు 35 సెంటీమీటర్లు. పాత్ర నిండా నీరు పోస్తే అడుగున ఉన్న సన్నని బెజ్జం గుండా కారిపోతుంది, లోపలి గోడపై గీసిన గుర్తులను బట్టి పూజారులు రాత్రి వేళలను తెలుసుకునేవారు. మన పెళ్ళిళ్ళలో ముహూర్తానికి వాడిన గడియకుడక దీనికి భిన్నమైనది. అందులో నీరు గిన్నెలోకి చేరి గిన్నె మునిగితే ఒక గడియ, అంటే 24 నిమిషాలు.

ముందుగా పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్ తీసుకోండి. నేను మొదట కొత్త మట్టికుండతో ప్రయత్నించాను, కానీ కుండ ఒళ్ళంతా చెమర్చి నీరు పక్కలనుంచీ పోవడంతో లెక్క తప్పింది. బకెట్ పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండడం ఇక్కడ చాలా ముఖ్యం, ఎందుకంటే ఆ ఈజిప్టు పాత్ర ఆకారమూ అదే. నీటి మట్టం ఎక్కువగా ఉన్నప్పుడు ధార వేగంగా, తగ్గినకొద్దీ నిదానంగా కారుతుంది. పైభాగం వెడల్పుగా ఉంటే వేగంగా పోయే నీరు కూడా మట్టాన్ని కొద్దిగానే దించుతుంది, అడుగున ఇరుకైనచోట నిదానంగా పోయే నీరే అంత మేరా దించుతుంది. అందువల్ల గుర్తుల మధ్య దూరం దాదాపు సమానంగా వస్తుంది. నిటారు గోడల డబ్బాతో ఒకసారి చేసి చూడండి, కిందికి వచ్చేకొద్దీ గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్లు దగ్గరవుతాయి.

బకెట్ పక్కగోడకు, అడుగుకు వేలెడు ఎత్తులో సుమారు 0.6 మిల్లీమీటర్ల బెజ్జం వేయాలి. మా ఊళ్ళో కొమ్ముతో బొమ్మలు చెక్కే పనివారి దగ్గర ఇంత సన్నని బర్మాలు ఉంటాయి కాబట్టి నేను వారితోనే వేయించాను. కాల్చిన సూదితో పొడిస్తే బెజ్జం పెద్దదవుతుంది. మహేంద్రతనయ నది నీటిలో వానాకాలం ఒండ్రు ఉంటుంది గనుక, ఏ నీరైనా పలుచటి గుడ్డతో రెండుసార్లు వడగట్టి పోయండి, ఒక్క ఇసుక రేణువు చాలు ధార ఆగిపోవడానికి.

ఇక గుర్తులు. ఈజిప్టువారి గంట ఏడాది పొడవునా ఒకే నిడివిగా ఉండదు, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు ఎంత రాత్రి ఉంటే అందులో పన్నెండో వంతే గంట. అందుకే ఆ పాత్ర లోపల నెలకొకటి చొప్పున 12 వరుసలు గీశారు. పర్లాకిమిడిలో డిసెంబరు చివరి రాత్రి సుమారు 13 గంటలు, జూన్ చివరి రాత్రి సుమారు 10 గంటల 45 నిమిషాలు. కాబట్టి నిండు బకెట్‌తో మొదలుపెట్టి, డిసెంబరు వరుసలో 65 నిమిషాలకొకటి, జూన్ వరుసలో సుమారు 54 నిమిషాలకొకటి చొప్పున చెరగని సిరాతో 12 గీతలు గీయాలి. ఫోన్ గడియారం పెట్టుకొని పగటిపూట గీసుకున్నా ఫరవాలేదు. మిగతా నెలల వరుసలను ఈ రెంటి మధ్య సర్దవచ్చు.

ప్రాచీన ఈజిప్టు నగరం థీబ్స్‌లో క్రీ.పూ. 1500 ప్రాంతపు అమెనెమ్హెత్ అనే అధికారి సమాధి శాసనంలో శీతకాలపు రాత్రికి 14, వేసవి రాత్రికి 12 అన్న కొలత ఉంది. నేటి లెక్కతో పోలిస్తే ఆ నిష్పత్తి థీబ్స్ రాత్రుల కన్నా మన రాత్రులకే దగ్గరగా సరిపోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

చల్లటి నీరు కొంత నిదానంగా కారుతుంది. కనుక డిసెంబరు గీతలను చలికాలపు నీటితోనూ, జూన్ గీతలను వేసవి నీటితోనూ సరిచూసుకోవాలి. బెజ్జం దగ్గర ధార ఆగి చుక్కలు మొదలయ్యే ఎత్తుకు కింద మాత్రం ఏ గుర్తూ పెట్టవద్దు.