టికెట్టు లేని చెరువు గట్టుకి రేటు కట్టడం ఎలా

మన ఒడిశా బరంపురం చుట్టుపక్కల ఏ ఖాళీ జాగా గురించి మాట్లాడినా ఒకటే ప్రశ్న వస్తుందండి, దాని మీద ఆదాయం ఎంత అని. షాపులు కడితే అద్దె వస్తుంది, కల్యాణమండపం కడితే బుకింగులు వస్తాయి, సాయంత్రం పూట జనం నడిచి, కాసేపు కూర్చుని, పిల్లల్ని ఆడించుకుని వెళ్ళే గట్టుకి మాత్రం రేటు సున్నా, ఎందుకంటే గేటూ లేదు టికెట్టూ లేదు. ఆ సున్నా తప్పని చూపించే లెక్క ఒకటుంది, పదో క్లాసు గ్రాఫు గీయడం వస్తే చాలు.

ఐడియా అమెరికాది. 1947లో అక్కడి నేషనల్ పార్క్ సర్వీసు వాళ్ళు పార్కుల వల్ల జనానికి కలిగే లాభాన్ని డబ్బుల్లో చెప్పొచ్చా అని అడిగితే హెరాల్డ్ హోటలింగ్ అనే ఎకనామిస్టు ఒక ఉత్తరం రాశాడు, పార్కు చుట్టూ రింగులు గియ్యండి, ఏ రింగు నుంచి రావడానికి ఎంత ఖర్చవుతోంది, ఎంతమంది వస్తున్నారు చూడండి, ఆ దారి ఖర్చునే టికెట్టు అనుకోండి అని. 1959లో మారియన్ క్లాసన్ దాన్ని నిజం పార్కుల మీద వేసి చూపించాడు. ట్రావెల్ కాస్ట్ మెథడ్ అంటారు.

ముందు చోటు ఎంచుకోండి. గోపాల్‌పూర్ బీచితో మాత్రం మొదలుపెట్టొద్దు, అక్కడికి ఎక్కడెక్కడి టూరిస్టులో వస్తారు, హోటలు ఖర్చులన్నీ కలిసిపోయి తల తిరిగిపోద్ది. ఛత్రపురం దగ్గర తంపరా సరస్సు లాంటిదో, మీ పేటలో చెరువు గట్టో, పిల్లలు క్రికెట్టాడే గ్రౌండో అయితే ఒక నెలలో పని తేలుతుంది.

తర్వాత వచ్చినవాళ్ళని అడగాలి. ప్రశ్నలు ఐదారు మించొద్దు: ఏ పేట నుంచి వచ్చారు, ఎలా వచ్చారు (నడిచా, బండా, ఆటోనా), ఎంతమంది, రానూపోనూ ఎంత ఖర్చు, ఎంత టైము, నెలకి ఎన్నిసార్లు. తెలుగులోనూ ఒడియాలోనూ కాగితం రెడీగా ఉంచుకోండి, మనవాళ్ళని మాత్రమే అడిగితే ఇది తెలుగోళ్ళ గొడవ అని పక్కన పడేస్తారు. ఆదివారం ఒక్కరోజే అడిగితే జనం ఎక్కువ కనిపిస్తారు కాబట్టి మామూలు రోజులు కూడా కలపాలి, పొద్దున్న వాకింగు వాళ్ళనీ సాయంత్రం ఫ్యామిలీలనీ ఇద్దర్నీ పట్టుకోవాలి, ఠాకురాణీ యాత్ర (ఊరి అమ్మవారి జాతర) రోజుల్లో అసలు అడక్కండి, ఆ రోజుల్లో ఊళ్ళో ఏదీ మామూలుగా ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, దీనికోసమే వచ్చారా అన్నది. ఇచ్ఛాపురం నుంచి ఒక కుటుంబం బరంపురం పట్టుచీరలు కొనడానికో, మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఎవరినో చూడ్డానికో వచ్చి, సాయంత్రం ఎలాగూ ఉన్నాం కదా అని గట్టు మీదకి వస్తారు, వాళ్ళ మొత్తం బస్సు ఛార్జీ గట్టు ఖాతాలో రాసేస్తే అది దొంగలెక్క. మెయిన్ రోడ్డు నుంచి గట్టు దాకా అయిన ఆటో డబ్బులు మాత్రం రాయండి. తారాతారిణి కొండ మీద ఈ లెక్క వేద్దామనుకునేవాళ్ళకి ఇంకా కష్టం, చైత్ర మంగళవారాల్లో వచ్చేవాళ్ళు మొక్కు తీర్చుకోడానికి వస్తారు, వాళ్ళది సరదా తిరుగుడు ఎలా అవుద్ది!

టైముకి కూడా విలువ కట్టాలి. మామూలుగా సంపాదనలో మూడోవంతు వేస్తుంటారు, అంటే గంటకి 60 రూపాయలు సంపాదించే మనిషి దారిలో గడిపిన గంటకి 20, దాన్ని దారి ఖర్చులో కలపండి.

ఇప్పుడు అసలు లెక్క, ఇవి ఊరికే అనుకున్న అంకెలే సుమా. దగ్గర రింగు వాళ్ళకి ఒకసారి రావడానికి 20 రూపాయలు, ప్రతి వెయ్యి మంది జనాభాకి నెలకి 300 సార్లు వస్తున్నారు. మధ్య రింగుకి 80 రూపాయలు, 180 సార్లు. దూరం రింగుకి 140, అక్కడ 60 సార్లే. రేటు నిలువు గీత మీద, ఎన్నిసార్లన్నది అడ్డగీత మీద పెట్టి చుక్కలు కలిపి గీతని పొడిగిస్తే 170 దగ్గర సున్నాకి తగులుతుంది, అంటే 170 అయితే ఎవరూ రారు. దగ్గర రింగు వాళ్ళు 20 ఇస్తున్నారు గానీ వాళ్ళలో చాలామంది ఇంకా ఎక్కువైనా వచ్చేవాళ్ళే, ఆ తేడాయే లాభం. గ్రాఫులో అది త్రిభుజం: ఎత్తు 170లోంచి 20 తీస్తే 150, భూమి 300, సగం చేస్తే 22,500 రూపాయలు, వెయ్యి మందికి నెలకి. మధ్య రింగుకి 8,100, దూరానికి 900. ఒక్కోదాన్ని ఆ రింగు జనాభా ఎన్ని వేలో దాంతో గుణించి మూడూ కూడితే నెల విలువ వస్తుంది. జనాభాకి 2011 జనగణన వార్డు లెక్కలు తీసుకోండి, పాతవే అని కాగితం మీద రాసెయ్యండి.

చాలామంది ఇక్కడ జనం పెట్టిన ఖర్చు మొత్తం కూడేసి ఇదే విలువ అంటారు. కాదండీ, ఆ డబ్బు పెట్రోలు బంకుకి, ఆటో అతనికి పోయింది, గట్టు ఇచ్చిన లాభం దాని పైన మిగిలినది.

ఆరోగ్యం సంగతి దీంట్లో కలిపి గుణించకండి, వార్డు మెంబరుకి ఇచ్చే కాగితంలో వేరే పేరాలో పెట్టండి. 2019లో ఇంగ్లండులో దాదాపు 20,000 మంది మీద చేసిన సర్వేలో వారానికి 120 నిమిషాలు, ఒకేసారైనా ముక్కలుగా అయినా, పచ్చదనంలో గడిపినవాళ్ళు తమ ఆరోగ్యం బావుందని ఎక్కువగా చెప్పారు, కాకపోతే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే బయటికి ఎక్కువ పోతారేమో అన్న అనుమానం దాంట్లో తీరదు. నాకు దానికంటే చైనా గ్వాంగ్‌జౌ స్కూళ్ళది గట్టిగా అనిపిస్తుంది, అక్కడ కొన్ని స్కూళ్ళలో రోజూ 40 నిమిషాలు అదనంగా పిల్లల్ని బయట ఉంచి, మిగతా స్కూళ్ళని మామూలుగా వదిలేసి, మూడేళ్ళ తర్వాత చూస్తే కొత్తగా దూరపు చూపు తగ్గిన పిల్లలు 39.5 శాతం బదులు 30.4 శాతమే (2015లో అచ్చయింది). ఫోన్లు పట్టుకుని కూర్చున్న మన పిల్లల కాలంలో ఈ ఒక్క పేరా చదివితే ఏ వార్డు మెంబరైనా ఆగి చూస్తాడు.

ఆ కాగితం మొత్తం ఒక పేజీ దాటనివ్వకండి, మొదటి లైన్లోనే నెల విలువ, కింద ఎంతమందిని ఏ రోజుల్లో అడిగారో, ఒడియాలో ఒక కాపీ, గ్రాఫు వెనకాల. అడిగేటప్పుడు ఎవరి ఫోన్ నంబరూ పేరూ తీసుకోవద్దు, నంబరు అడిగారంటే చిట్‌ఫండ్ వాళ్ళనుకుని అందరూ లేచి వెళ్ళిపోతారు.