వేడి పద్దు, 4వ పాఠం: నూట పదిహేను రోజుల పస్తు

ఒంట్లో పుట్టే వేడిని జమ వైపు, బయటికి పోయే వేడిని ఖర్చు వైపు రాసుకోవడమే మన వేడి పద్దు. ఈ రోజు అందులో రాసేది ఎంపరర్ పెంగ్విన్ లెక్క. పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. తెల్లవారుజామున కోడి ఒళ్ళంతా ఉబ్బించుకుని ఎందుకు కూర్చుంటుందో చూసి, పద్దులో ఏ వైపు రాయాలో తేల్చమన్నాను. చాలామంది జమ వైపు రాశారు. తప్పు. వణికితే జమ, ఎందుకంటే తిన్న తిండిని కండరాలు కాల్చి వేడి పుట్టిస్తాయి. ఉబ్బితే కొత్త వేడి ఏమీ పుట్టదు. ఈకల మధ్య గాలి నిలిచి, ఉన్న వేడి బయటికి పోవడం తగ్గుతుంది. కాబట్టి దాన్ని ఖర్చు వైపు 'కోత' అని రాయాలి. గొంగడి సంగతీ అంతే. అది వేడి ఇవ్వదు, మన వేడినే మన దగ్గర ఆపుతుంది. ఇది పట్టుబడితే ఈ రోజు పాఠం సగం అయిపోయినట్టే.

మే నెలలో మహారాష్ట్రలోని మన చంద్రపూర్, బల్లార్షా ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఎండ 46, 47 డిగ్రీలు దాటితే కూలర్‌లో నీళ్ళు పోయడమే ఇంటిల్లిపాదికీ పని. సరిగ్గా అదే మే నెలలో, అంటార్కిటికా సముద్రం మీద గట్టిపడిన మంచు పలకపై ఎంపరర్ పెంగ్విన్ గుడ్డు పెడుతుంది. మనకి ఎండాకాలం, దానికి చలికాలం మొదలు. ఒక్కటే గుడ్డు, అర కిలోకి కాస్త తక్కువ. దాన్ని మగపక్షి పాదాల మీదికి దొర్లించి, ఆడది తిండికోసం సముద్రానికి వెళ్ళిపోతుంది. తిరిగి వచ్చేది దాదాపు రెండు నెలలకి.

మగపక్షి గూడు కట్టదు. కట్టడానికి అక్కడ పుల్లా లేదు, రాయీ లేదు. గుడ్డును పాదాల మీద పెట్టుకుని, పొట్ట కింద వేలాడే చర్మపు మడత దానిపై కప్పుకుని, 65 రోజులు నిలబడే పొదుగుతుంది. బయట మైనస్ 40. గుడ్డు మంచు మీద పడిందా, కొద్ది నిమిషాల్లో గడ్డకడుతుంది. మగపక్షి జత కట్టడానికి వచ్చిన రోజు నుంచీ ఏమీ తినలేదు. ఆడది తిరిగొచ్చేసరికి మొత్తం పస్తు సుమారు 115 రోజులు అవుతుంది.

ఇప్పుడు పెన్ను తీసుకోండి. మొదట్లో బరువు 38 కిలోలు అనుకుందాం. పస్తులో 40 శాతం వరకూ పోతుంది, అంటే 15 కిలోలు. 115తో భాగిస్తే రోజుకు 130 గ్రాములు. జమ వైపు రాయడానికి ఉన్నది ఇంతే: ఒంట్లో దాచుకున్న కొవ్వు, కొంత కండ. బయట నుంచి చిల్లిగవ్వ రాదు. ఇలాంటి ఇల్లు నడవాలంటే ఖర్చు వైపే చూడాలి.

ముందు ఈకలు. పైన ఒకదానిమీద ఒకటి పెంకుల్లా కప్పుకున్న గట్టి ఈకలు, కింద మెత్తటి నూగు, ఆ నూగులో గాలి. వేడిని చూపే కెమెరాతో పరిశీలించినవాళ్ళకి ఒక విచిత్రం కనిపించింది, 2013లో దాన్ని ప్రచురించారు. పక్షి పైపొర చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లగా ఉంది! ఇది మనకి కొత్తేమీ కాదు. మబ్బులేని చలికాలం రాత్రి మేడ మీద పడుకుంటే దుప్పటి పైభాగం చల్లబడి మంచుకు తడుస్తుంది, లోపల మాత్రం వెచ్చగా ఉంటాం. పైపొర తన వేడిని ఖాళీ ఆకాశంలోకి వదిలేస్తోంది. లోపలి వేడి పైకి రావడం లేదు కాబట్టే అది అంత చల్లగా ఉంది.

పాదాలకి ఈకలు లేవు. ఇక్కడే ఎక్కువమందికి అర్థం కాదు, నాకూ చాలాకాలం అర్థం కాలేదు. కాలిలోకి దిగే వేడి రక్తనాళం, పైకి వచ్చే చల్లటి రక్తనాళం ఆనుకుని ఉంటాయి. సంతకి పోయే అన్న, సంత నుంచి వచ్చే తమ్ముడికి గుమ్మం దగ్గరే తన డబ్బంతా ఇచ్చేసి, పది రూపాయలతో బయటికి పోయినట్టు ఊహించుకోండి. దిగే రక్తం తన వేడిని పైకి వచ్చే రక్తానికి ఇచ్చేసి పోతుంది. వేడి ఇంట్లోనే ఉండిపోతుంది, పాదానికి గడ్డకట్టకుండా ఉండేంత మాత్రమే చేరుతుంది. ఇది చాలదన్నట్టు పక్షి మడమల మీదికి వాలి, తోకను మూడో కాలులా ఆనించి, మంచుకు తగిలే చోటు కూడా తగ్గించుకుంటుంది.

ఇక గుంపు. వందలు, వేలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. గుంపు నడుమ వేడి ఒక్కోసారి 37 డిగ్రీలు దాటుతుంది, అంటే బల్లార్షాలో మార్చి నెల. మరీ ఉడికితే గుంపు విడిపోతుంది కూడా. అర నిమిషానికో నిమిషానికో ఒక చిన్న అడుగు, జానెడు కూడా ఉండదు, అలలా గుంపంతా పాకుతుంది. అలా కదిలి కదిలి అంచున ఉన్నవి లోపలికి, లోపలివి బయటికి వస్తాయి. మా వీధిలో శేకోటి (చలిమంట) వేస్తే ముందొచ్చినవాడు చచ్చినా లేవడు.

దీన్ని చేతితో చూడండి. ఒకే కొలత స్టీలు గ్లాసులు ఎనిమిది కావాలి. అన్నిటిలో ఒకే గిన్నెలోని వేడినీళ్ళు సమానంగా పోసి మూతలు పెట్టండి. (మొదటిసారి నేను మూతలు పెట్టలేదు. వేడంతా ఆవిరితో పోయి ఏ తేడా తెలియలేదు, సిలిండర్ దండగ అని ఇంట్లో తిట్లు.) ఒక గ్లాసు నడుమ, ఆరు దాని చుట్టూ ఆనించి పెడితే సరిగ్గా పడతాయి. ఎనిమిదోది దూరంగా ఒంటరిగా. ఫ్యాను వేసి అరగంట ఆగి, మూత తీసి నీళ్ళలో వేలు పెట్టండి. జ్వరం చూసే థర్మామీటర్ మాత్రం ముంచకండి, పాడవుతుంది. రెండోసారి మళ్ళీ వేడినీళ్ళు పోసి, ప్రతి ఐదు నిమిషాలకీ నడిమి గ్లాసును అంచు గ్లాసుతో మార్చండి. చివర్లో ఏడు గ్లాసుల మధ్య తేడా ఎంత? ఒంటరి గ్లాసుకీ వాటికీ ఎంత? రెండూ పద్దులో రాయండి.

ఒక ప్రశ్న మిగిలింది. హాయిగా ఎండాకాలంలో గుడ్డు పెట్టవచ్చు కదా? అడేలీ పెంగ్విన్ అలాగే చేస్తుంది. రాళ్ళు ఏరి గూడు పేర్చి, పక్కవాడి రాళ్ళు దొంగిలించి మరీ రెండు గుడ్లు పెడుతుంది. కానీ అది చిన్న పక్షి, పిల్ల త్వరగా ఎదుగుతుంది. ఎంపరర్ పిల్లకి నెలలు పడుతుంది. చలికాలంలో మొదలుపెడితేనే డిసెంబర్, జనవరిలో, మంచు విరిగి సముద్రం దగ్గరికి వచ్చి తిండి దొరికే వేళకి పిల్ల నీళ్ళలోకి దిగగలదు.

వచ్చే పాఠానికి పని. 2016లో ముంబై బైకుల్లా జూకి తెచ్చినవి హంబోల్ట్ పెంగ్విన్లు. ఏసీ గదిలో చూసి వచ్చినవాళ్ళు అవీ మంచు పక్షులే అనుకుంటారు. వాటి సొంత ఊరు పెరూ, చిలీల ఎడారి తీరం. నీళ్ళు చల్లన, ఒడ్డు ఎండ. ముక్కు మొదట్లో ఈకలు లేని గులాబీ రంగు చర్మం ఉంటుంది. ఆ చర్మాన్ని పద్దులో ఎక్కడ రాస్తారు? ఫోటో చూసి, రెండు వాక్యాల్లో రాయండి.