మనౌస్ నుంచి ఇకీతోస్‌కు అమెజాన్ నది మీదుగా

పెరూలోని ఇకీతోస్‌కు బయటి నుంచి రోడ్డు లేదు. విమానమో, పడవో ఎక్కాల్సిందే. బ్రెజిల్‌లోని మనౌస్ నుంచి పడవలో వెళ్లేవాళ్లు ముందు బ్రెజిల్ సరిహద్దు ఊరు టబటింగా చేరాలి. ఏటికి ఎదురు ప్రయాణం గనుక దాదాపు వారం పడుతుంది. దిగువకైతే మూడు నాలుగు రోజులే.

మామూలు టికెట్టుకు చోటు మాత్రమే ఇస్తారు, కట్టుకుని పడుకునే ఊయల మనదే. మనౌస్ బజారులో గుడ్డ ఊయల, రెండు కొసలకూ చెరో రెండు మీటర్ల తాడు కొనండి. కొన్ని గంటల ముందే ఎక్కి ఇంజిన్‌కీ మరుగుదొడ్లకీ దూరంగా కట్టుకోండి. ఆలస్యమైతే మిగిలేవి ఆ చోట్లే. రాత్రి గాలి చల్లగా కొడుతుంది, దుప్పటి తప్పనిసరి.

చాలామంది పొరబడేది సరిహద్దులో. టబటింగా నుంచి కొలంబియా ఊరు లెటీసియాకు వీధి వెంట నడిచిపోవచ్చు, ఎవరూ ఆపరు. అందుకని పాస్‌పోర్టులో ముద్రలు అక్కర్లేదనుకోవద్దు. టబటింగాలో ఫెడరల్ పోలీసుల దగ్గర నిష్క్రమణ ముద్ర వేయించుకోండి. చిన్న పడవలో నది దాటి శాంటా రోసాలో పెరూ ప్రవేశ ముద్ర తీసుకున్నాకే ఇకీతోస్ పడవ ఎక్కండి. అది లేకపోతే పెరూ నుంచి బయటపడేటప్పుడు చిక్కే.

అక్టోబరు ప్రాంతంలో నీరు తగ్గి ఇసుక మేటలు పైకి తేలతాయి. 2023, 2024 కరువుల్లో చాలా ఊళ్లకు పడవలే అందలేదు. ఆ నెలల్లో రెండు మూడు రోజులు అదనంగా చేతిలో ఉంచుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోండి. ఆ పత్రం లేకుండా భారత్‌కు తిరిగొస్తే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు.